అభియోగానికి జవాబు

ఫిబ్రవరి 3

ఒరేయ్ నట్టూ,

చిన్నప్పుడు ఇంట్లో గడియారం విప్పేసి నట్లన్నీ జేబులో వేసుకు తిరిగినవాడివి. యాభై రెండేళ్లు వచ్చినా నాకు నువ్వు నట్టువే. నట్లు దాచినట్టు కబుర్లు కూడా దాస్తావని మాత్రం అనుకోలేదు.

నిన్న మరదలి ఉత్తరం వచ్చింది. మూడే వాక్యాలు. "వదినగారూ, ఆయన మీద అభియోగం పెట్టారు. పోలీసుల కాగితం ఇంటికి వచ్చింది. ఇక అంతా అయిపోయినట్టే." ఏం అభియోగమో లేదు, ఎందుకో లేదు, ఎప్పటి మాటో లేదు. కింద రెండు చోట్ల సిరా అలుక్కుపోయి ఉంది. ఏడుస్తూ రాసిందని తెలుస్తూనే ఉంది.

ఫోను చేద్దామంటే నా చెవుల సంగతి నీకు తెలుసు. ముప్పై ఒక్క ఏళ్లు కోర్టులో టైపు మిషను చప్పుడు విన్న చెవులు ఇవి. ఇప్పుడు పక్కన పిడుగు పడ్డా "ఎవరో తలుపు కొట్టినట్టున్నారు" అనుకుంటాను. నాతో ఫోనులో మాట్లాడటం అంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. పోనీ వద్దామంటే మీ బావకి తుంటి ఆపరేషనై ఇవాళ్టికి పన్నెండు రోజులు. మంచం దిగాలన్నా ఎక్కాలన్నా ఆయనకి నా భుజమే ఆసరా. కాబట్టి మనిద్దరికీ ఉత్తరమే దిక్కు.

"అంతా అయిపోయినట్టే" అన్న ముక్క చదివి నాకు ఒళ్లు మండింది. అభియోగం దగ్గర ఏదీ అయిపోదురా, అక్కడ మొదలవుతుంది. నా చేతుల మీదుగా వేల అభియోగాలు వెళ్లాయి. వాటిలో ఎన్ని చివరిదాకా నిలబడ్డాయో, ఎన్ని దారిలో పడిపోయాయో లెక్క తెలిసినదాన్ని చెబుతున్నాను.

ఆ కాగితంలో ఉన్నది ఉన్నట్టు, అక్షరం పొల్లుపోకుండా రాసి పంపు. నీ సొంత కవిత్వం అక్కర్లేదు. మరదల్ని వేళకి తినమని చెప్పు.

కోపంగా ఉన్న నీ అక్క

*

ఫిబ్రవరి 9

అక్కా,

బావగారు కర్ర పట్టుకుని నడుస్తున్నారా? మెట్లు ఎక్కనివ్వకు, లిఫ్టు ఉన్నచోట లిఫ్టే ఎక్కించు అని రాయబోయి ఆగిపోయాను. ఇప్పుడు ఆ మాట నా నోట రావడం బాగోదు.

చెప్పకపోవడం నా తప్పే. ఏమని చెప్పాలో తెలియక రోజులు గడిపేశాను. జరిగింది ఇది. డిసెంబరు పదకొండున ఒక నాలుగంతస్తుల భవనంలో లిఫ్టు తనిఖీకి వెళ్లాను. కింద పళ్ల డాక్టరు, పైన రెండు ఆఫీసులు, మూడో అంతస్తులో కుట్టుపని నేర్పే ఒక టీచరమ్మ ఉంటారు. పద్నాలుగేళ్లుగా ఆ లిఫ్టు నేనే చూస్తున్నాను. భవనం మేనేజరు బల్ల మీద రిజిస్టరు ఉంటుంది. "బ్రేకు, తాళ్లు, తలుపులు పరిశీలించాను, అన్నీ సక్రమం" అని అందులో ముందే అచ్చేసి ఉంటుంది. దాని కింద మేము సంతకం చేయాలి. చేశాను. పని చేయకముందే చేశాను.

మర్నాడు పొద్దున ఆ లిఫ్టు మూడో అంతస్తు నుంచి జారి అడుగున కొట్టుకుంది. లోపల కుట్టు టీచరమ్మ ఉంది. ఆవిడ కాలు రెండు చోట్ల విరిగింది.

అంతే అక్కా. సంతకం నాది, కాలు ఆవిడది. ఇందులో ఇంకా తేల్చడానికి ఏముంది?

మార్చి పదహారున కోర్టుకి రమ్మన్నారు. జడ్జిగారు అభియోగం చదివి వినిపిస్తారట. ఒప్పుకుంటాను. ప్రభుత్వం వాళ్లు అంతా ఆలోచించకుండా మనిషి మీద అభియోగం పెట్టరు కదా. జైలు ఆరు నెలలో ఏడాదో అంటున్నారు. లైసెన్సు ఎలాగూ పోతుంది, మళ్లీ ఏ లిఫ్టూ ముట్టుకోనివ్వరు. మా లాయరమ్మ మంచి మనిషి, నా కూతురి వయసు ఉంటుంది. "మీరు చెప్పాల్సింది ఇంకేమైనా ఉందా?" అని రెండుసార్లు అడిగింది. "లేదండి" అన్నాను.

కంపెనీ వాళ్లు నన్ను ప్రస్తుతానికి డిపోలో పాత నట్లు ఏరే పనికి పెట్టారు. నువ్వు పెట్టిన పేరు ఇన్నాళ్లకి సార్థకమైంది.

నీ తమ్ముడు

*

ఫిబ్రవరి 15

ఏమోయ్ పెద్దమనిషీ,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికి ఒకడు. నువ్వు వాడికన్నా నాలుగాకులు ఎక్కువే చదివావు. జడ్జి ఇంకా అడగలేదు, నువ్వు ఇక్కడ ఉత్తరంలో ఒప్పేసుకుంటున్నావు.

కాస్త స్థిమితంగా కూర్చుని చదువు. ఎవరైనా నిన్ను ఏదైనా అంటే అది ఆరోపణ. దానికి కాగితం అక్కర్లేదు, నోరుంటే చాలు. పోలీసులు పదిమందిని అడిగి, సాక్ష్యాలు పోగుచేసి కోర్టులో పెట్టేది అభియోగపత్రం. మీ ఇంటికి వచ్చింది దాని నకలు. జడ్జి దాన్ని చదివి, ఇందులో నిన్ను అడగదగ్గ సంగతి ఉందనుకుంటే, ఫలానా తేదీన, ఫలానా చోట, ఫలానా పని చేశావని రాయించి నీ ఎదురుగా చదువుతారు. అసలు అభియోగం అది. దాని చివర ఎప్పుడూ ఒకటే మాట ఉంటుంది: "ఒప్పుకుంటావా, విచారణ కోరుకుంటావా?" ఆ మాట లేకుండా నేను ఒక్క అభియోగమూ టైపు చేయలేదు. అంటే ఏమిటి? అది నిన్ను అడిగే ప్రశ్న. తీర్పు కాదు. ఆ రోజుకి నువ్వు నిందితుడివి, అంతవరకే. దోషివి అని రాయడానికి ఇంకా బోలెడు కాగితం ఖర్చవుతుంది.

ఇదంతా కోర్టు మనిషిగా చెప్పాను. ఇక అక్కగా అడుగుతున్నాను. పని చేయకుండా సంతకం పెట్టి ఎలా వెళ్లిపోయావురా? పద్నాలుగేళ్లు చూసిన లిఫ్టే కదా, ఏమవుతుందిలే అనుకున్నావా? పైకి ఎక్కడానికి బద్ధకమేసిందా? ఎవరు నేర్పారు నీకు ఈ దరిద్రపు అలవాటు?

కాగితం అక్షరం పొల్లుపోకుండా రాసి పంపమన్నాను. నువ్వు పంపింది నీ ఏడుపు. నాకు కావలసింది నకలు.

మీ బావ నిన్న వంటింటిదాకా నడిచారు. పదడుగుల దూరానికి ప్రపంచయాత్ర చేసొచ్చినంత గొప్పలు.

అక్క

*

ఫిబ్రవరి 22

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "నిందితుడివి" అన్నచోట మూడుసార్లూ ఆగిపోయాను. "వదినగారు విడమరిచి చెప్పారు, అందులో తప్పేముంది?" అంటుంది నీ మరదలు. నిజమేనేమో. ఊళ్లో ఎవరన్నా పట్టించుకోకపోదును, నీ చేతిరాతలో చూసేసరికి మింగుడుపడలేదు.

అంతకన్నా కష్టమైంది ఇంకొకటి ఉంది. పైకి ఎక్కడానికి బద్ధకమేసిందా అన్నావు. ఎక్కానక్కా. సంతకం పెట్టాక ఎక్కాను. మోటారు గదిలో బ్రేకు విప్పి చూస్తే పట్టీ అరిగిపోయి రేకులా ఉంది. మెయిన్ స్విచ్చి దించేశాను. కిందికి వచ్చి "పట్టీ మార్చేదాకా లిఫ్టు నడపకండి" అని మేనేజరుతో చెప్పి, గది తాళంచెవి ఆయన చేతికే ఇచ్చాను. లిఫ్టు తలుపుకి "పని జరుగుతోంది, ఎక్కరాదు" అన్న బోర్డు నా చేత్తో తగిలించాను. కొత్త పట్టీ కోసం డిపోకి వెళ్తే స్టోరులో లేదు, మర్నాడు మధ్యాహ్నం ఇస్తామన్నారు. మధ్యాహ్నానికి ముందే జరగాల్సింది జరిగిపోయింది.

మేనేజరేమో "బోర్డా? ఏ బోర్డు?" అన్నాడు. వెతికితే బోర్డు లేదు. రిజిస్టరు చూస్తే అన్నీ సక్రమం అని నా సంతకం. ఇక నేను ఏం చెప్పినా సాకే కదా. అందుకే పోలీసులకీ చెప్పలేదు, లాయరమ్మకీ చెప్పలేదు.

పైగా తప్పు లేదని ఎలా అనను? బోర్డు తగిలించి వచ్చాక రిజిస్టరు దిద్దాలని తోచింది. చేతులు చూసుకుంటే మోచేతులదాకా గ్రీజు. రేపు పట్టీ వేశాక శుభ్రంగా రాద్దాంలే అనుకున్నాను. ఆ ఒక్క గీత కొట్టేసి ఉంటే మేనేజరు స్విచ్చి వేసేముందు ఆలోచించేవాడేమో. ఆవిడ కాలు విరిగేది కాదేమో. ఇది నన్ను తినేస్తోంది.

నువ్వు అడిగిన నకలు ఇదిగో: "నిందితుడు డిసెంబరు 11వ తేదీన సదరు భవనంలోని లిఫ్టును ఎలాంటి తనిఖీ చేయకుండా, అది సురక్షితంగా ఉన్నట్టు ధ్రువీకరించి, వాడకంలో ఉంచి, నిర్లక్ష్యంగా వ్యవహరించి, మరుసటి రోజున ఒక మహిళకు తీవ్ర గాయం కలగడానికి కారణమయ్యాడు."

ఎవరు నేర్పారని అడిగావు. అది వదిలెయ్.

నువ్వు రాలేకపోవడం ఒకందుకు మంచిదేలే. అన్నేళ్లు కోర్టులో తలెత్తుకుని పనిచేసినదానివి. తమ్ముణ్ణి బోనులో చూడటం నీకు తలవంపులు.

తమ్ముడు

*

మార్చి 1

నా తండ్రీ,

ముందు నన్ను క్షమించు. అడగాల్సింది అడగకుండా, తెలియనిదాన్ని తెలిసినట్టు అనేశాను. పోలీసులు చేసిందే నేనూ చేశాను. రిజిస్టరు చూసి వాళ్లు అనుకున్నారు, నీ ఉత్తరంలో ఒక్క వాక్యం చూసి నేను అనుకున్నాను. మీ బావకి చదివి వినిపిస్తే "వాడు మన ఇంటికొస్తే కాఫీ తాగడానికి ముందు కుళాయి వాషరు చూసేవాడు. వాడికి బద్ధకమా?" అని నన్నే చీవాట్లు పెట్టారు.

తలవంపులంటావా? నా తల వంగే ఉండేదిరా. ముప్పై ఒక్క ఏళ్లు టైపు మిషను మీదికి వంగే ఉంది. జడ్జి చెబుతుంటే నా వేళ్లు కొట్టుకుపోయేవి. బోనులో ఎవరున్నారో ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు. నిందితుడు, నిందితుడు అని కొట్టీ కొట్టీ ఆ మాట నాకు కామా లాగా, ఫుల్‌స్టాప్ లాగా అయిపోయింది. దాని వెనక ఒక మనిషి ఉంటాడని, వాడికి ఓ పెళ్లాం ఉంటుందని, వాడు ఆ మాట దగ్గర మూడుసార్లు ఆగిపోతాడని నీ ఉత్తరం చదివాకే తెలిసింది. ఆ మాట వాడటం నేను మానను, చట్టంలో ఉన్న మాట. కానీ ఇకమీదట తేలిగ్గా వాడను.

ఇప్పుడు నీకు ఒక సంగతి చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక అభియోగంలో తేదీ టైపు చేయడం మరిచిపోయాను. మా జడ్జిగారు కాగితం వెనక్కి ఇచ్చి, ఒక్క గట్టి మాట లేకుండా అన్నారు: "అమ్మాయ్, తేదీ లేకపోతే ఈ మనిషి దేనికని జవాబు చెబుతాడు? పుట్టినప్పటినుంచీ చేసినవన్నిటికీనా?" నేను సిగ్గుపడి మళ్లీ కొట్టి ఇచ్చాను. ఆయన చెప్పింది ఇవాళ నీకోసం గుర్తొచ్చింది.

నీ మీద పెట్టిన అభియోగం మళ్లీ చదువు. "ఎలాంటి తనిఖీ చేయకుండా" అని ఉంది. నువ్వు తనిఖీ చేశావు. "వాడకంలో ఉంచి" అని ఉంది. నువ్వు స్విచ్చి దించావు, బోర్డు పెట్టావు. నువ్వు నిజంగా చేసిన తప్పు పని చేయకముందు సంతకం పెట్టడం, తర్వాత దిద్దకపోవడం. అది తప్పే, నేను కాదనను. దానికి నువ్వు ఎవరికి ఏం చెప్పుకోవాలో చెప్పుకో. కానీ కోర్టు అడుగుతున్నది అది కాదు. అడిగినదానికి జవాబు చెప్పాలి, మనసులో ఉన్న బరువంతా తెచ్చి అక్కడ దింపేయకూడదు. చేయని దానికి ఒప్పుకోవడం మంచితనం కాదురా, అదీ అబద్ధమే. ఇప్పటికే ఒక అబద్ధం మీద సంతకం పెట్టావు, రెండోది ఎందుకు?

రేపే లాయరమ్మ దగ్గరికి వెళ్లి బోర్డు సంగతి, తాళంచెవి సంగతి, స్టోరులో పట్టీ అడిగిన సంగతి చెప్పు. డిపో చీటీ ఏదైనా ఉంటుంది, వెతకమను. పదహారున జడ్జి అడిగితే ఒకే మాట: "ఒప్పుకోను, విచారణ కావాలి."

ఇంతకీ ఆ అలవాటు ఎవరు నేర్పారో చెప్పలేదు. చెబితే వాణ్ణి నాలుగు దులుపుతాను.

సిగ్గుపడుతూ, నీ అక్క

*

మార్చి 17

అక్కా,

నిన్న కోర్టుకి వెళ్లాను. వెళ్లి, నీ మాట మీద నిలబడి వచ్చాను.

నేను అనుకున్నంత పెద్ద గది కాదు. మా డిపోలో సగం కూడా ఉండదు. కిటికీ పక్కన ఒకమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని టైపు చేస్తోంది. నాకు నువ్వే గుర్తొచ్చావు. జడ్జిగారు చదవడం మొదలుపెట్టగానే బోను కమ్మీ పట్టుకున్నాను. అప్పటివరకు ఆయన మొహంలో కోపం ఉంటుందనుకున్నాను. లేదు. నువ్వు చెప్పినట్టు, తేదీ, చోటు, పని, వరసగా చదివారు. చదివి నా వైపు చూశారు. "అర్థమైందా? ఒప్పుకుంటున్నారా, విచారణ కోరుకుంటున్నారా?" అని అడిగారు. నిజంగానే అడిగారక్కా. జవాబు కోసం ఆగారు. ఆ ఆగడం చూశాకే నువ్వు రాసింది నాకు పూర్తిగా అర్థమైంది.

"తనిఖీ చేశానండి. స్విచ్చి దించానండి. ఒప్పుకోను, విచారణ కావాలి" అన్నాను. కిటికీ దగ్గర అమ్మాయి తలెత్తి నన్ను చూసింది. అది నీకు తప్పకుండా రాయాలనిపించింది.

అసలు సంగతి బయట వరండాలో జరిగింది. కుట్టు టీచరమ్మ రెండు కర్రల మీద వచ్చింది. ఆవిడ ఎదురుపడకుండా తప్పించుకుందామని మూడు నెలలుగా ఆ వీధే మార్చేశాను. నిన్న తప్పలేదు. ఆవిడ నా ముందుకొచ్చి ఆగి, ఒక కర్రతో నేల మీద గట్టిగా కొట్టి అడిగింది:

"ఏమయ్యా, బాగుచేయకుండా బోర్డు ఎందుకు తీసేశావు?"

పక్కనున్న లాయరమ్మ "ఏ బోర్డండీ?" అంది.

"ఏ బోర్డేమిటమ్మా! పదకొండో తారీకు సాయంత్రం ఎక్కరాదని బోర్డుంటే, రెండు బట్టల మూటలు మోసుకుంటూ మూడంతస్తులు మెట్లెక్కి చచ్చాను. పన్నెండో తారీకు పొద్దున్న బోర్డు లేదు. బాగైందనుకుని లిఫ్టులోనే పైకి పోయాను, దిగేటప్పుడూ అందులోనే ఎక్కాను. ఈయన తీసేయబట్టే కదా నేను ఎక్కింది?"

"ఈ మాట పోలీసులకి చెప్పారా?" అని లాయరమ్మ అడిగింది.

"ఎలా పడ్డారు, ఎక్కడ తగిలింది అని అడిగారు. అది చెప్పాను. బోర్డు సంగతి ఎవరడిగారు?"

నేను వాళ్లకి చెప్పలేదు, వాళ్లు ఆవిణ్ణి అడగలేదు. నేను చెప్పి ఉంటే అడిగేవారు కదా అక్కా. బోర్డు తీసింది నేను కాదని, ఆ పూట నేను డిపోలో పట్టీ కోసం నిలబడి ఉన్నానని లాయరమ్మ ఆవిడకి చెప్పింది. ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసి, "మరి ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా?" అంది. తర్వాత బెంచీ మీద కూలబడి, నన్నూ కూర్చోమంది. సంతకం సంగతి, దిద్దని సంగతి ఆవిడకి నేనే చెప్పాను. క్షమించమని అడిగాను. "ఆ మాట ముందే వచ్చి చెప్పాల్సింది. ఆసుపత్రిలో ఎవరొస్తారా అని చూశాను" అంది. జైలు మాటకన్నా అదే నాకు గట్టిగా తగిలింది.

జీవితంలో నన్ను తిట్టినవాళ్లకి కృతజ్ఞత చెప్పడం ఇదే మొదలు. ఆవిడ తిట్టకపోతే ఆ బోర్డు ఉందని లోకానికి తెలిసేదే కాదు. నువ్వు తిట్టకపోతే నేను "ఒప్పుకుంటున్నాను" అనేసి, ఆవిడ వరండాలోకి రాకముందే ఇంటికి వచ్చేసేవాణ్ణి. ఇద్దరికీ ఋణపడ్డాను.

అలవాటు ఎవరు నేర్పారో చెప్పమని మళ్లీ అడిగావు. నీకు బాధ కలుగుతుందని దాటేశాను. ఇంక దాచను. నాకు పదేళ్లప్పుడు నీ టైపు పరీక్ష కాగితాల మీద సైకిలు గొలుసు గ్రీజుతో చెయ్యి వేశాను. నువ్వు నా చెవి మెలిపెట్టి, "పని చేసిన చేతుల్తో కాగితం ముట్టుకోకు. కాగితం పని ముందు, మురికి పని తర్వాత" అన్నావు. ఆ మాట వదలకుండా పట్టుకున్నాను. మా వాళ్లందరి రిజిస్టర్లూ నల్ల మరకలే. నా రిజిస్టరు మాత్రం పద్నాలుగేళ్లుగా తెల్లగా మెరుస్తూ ఉంటుంది. అది చూసి నువ్వు మెచ్చుకుంటావని అనుకునేవాణ్ణి.

నీ నట్టు

*

మార్చి 24

నట్టూ,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత ఏడ్చాను, తర్వాత మీ బావ కంగారుపడి కర్ర లేకుండానే నడిచి వచ్చేశారు. ఆయన నడకకి నీ ఉత్తరం మందైంది.

ఆ కాగితాల గొడవ నాకు అస్సలు గుర్తులేదురా. నలభై రెండేళ్ల కిందట పరీక్ష భయంలో ఎవరి మీదో అరిచిన ముక్క అది. అన్నదాన్ని నేను మరిచిపోయాను, పడ్డవాడివి నువ్వు మోసుకు తిరిగావు. ఆ అలవాటు నేర్పినవాణ్ణి నాలుగు దులుపుతానన్నాను. నన్ను నేనే ఎలా దులుపుకోను చెప్పు? అద్దం ముందు నిలబడి ప్రయత్నించాను. మీ బావ నవ్వారు.

నీ బరువు ఇంకా నీదే, అందులో వాటా అడగను. కానీ ఆ మాట అన్నది నేనే. ఆ మేరకు నేను ఒప్పుకుంటున్నాను. నాకు విచారణ అక్కర్లేదు.

నువ్వు నాకు ఋణపడ్డానన్నావు. తలకిందులుగా రాశావు. ఉద్యోగమంతా నేను ప్రశ్నలు టైపు చేశాను, జవాబు చెప్పే మనిషి మొహం చూడలేదు. ఆ అమ్మాయి తలెత్తి చూసిందన్నావు చూడు, అది చదివాక నా మెడ నొప్పి కూడా తగ్గినట్టనిపించింది. నేను చేయాల్సిన పని ఎవరో చేశారు, నా తమ్ముడి విషయంలోనే చేశారు. నాకు ఇంకేం కావాలి?

టీచరమ్మకి నీ చేతనైన సాయం చేయి. సాక్ష్యం చెబుతుందని మాత్రం చేయకు. కాలు విరిగిన మనిషని చేయి.

నీ అక్క

*

ఆగస్టు 2

అక్కా,

నిన్న తీర్పు వచ్చింది. "ఈ అభియోగం రుజువు కాలేదు" అన్నారు జడ్జిగారు. డిపో చీటీలో పదకొండో తేదీ మధ్యాహ్నం నేను బ్రేకు పట్టీ అడిగినట్టు ఉంది. తనిఖీ చేయనివాడికి పట్టీ అరిగిందని ఎలా తెలుస్తుందని లాయరమ్మ అడిగింది. టీచరమ్మ బోనెక్కి, నన్ను వరండాలో తిట్టినంత గట్టిగా అక్కడా బోర్డు సంగతి చెప్పింది.

సంతకం గురించి జడ్జిగారు విడిగా రెండు మాటలు అన్నారు. పని చేయకముందు పెట్టే సంతకం ఎవరికీ రక్షణ కాదని, పెట్టినవాడికీ కాదని. తల వంచుకుని విన్నాను. అది నాకు అందాల్సిన మాటే. కంపెనీ వాళ్లు మూడు నెలలు ఇంకొకరి కింద పనిచేయమన్నారు. సరేనన్నాను. నీ మరదలు నిన్న మధ్యాహ్నం కంచం నిండా తిని, ఆరు నెలల తర్వాత పగటి పూట నిద్రపోయింది. తను నీకు విడిగా ఉత్తరం రాస్తానంటోంది. ఈసారి మూడు వాక్యాలకన్నా ఎక్కువే ఉంటుందట.

టీచరమ్మ మిషన్లు నాలుగూ కింది గదిలోకి దింపి, ఒకదాని పెడలు బిగించి ఇచ్చాను. "నట్లు బాగా బిగిస్తావే" అంది. నా పేరు అదేనని చెప్పలేదు.

మేనేజరు మీద ఇప్పుడు పోలీసుల కాగితం తయారవుతోందట. డిపోలో అందరూ "దొంగ వెధవ, వాడే చేశాడు" అంటున్నారు. నా నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఆ గదిలో జడ్జిగారు నా జవాబు కోసం ఆగిన ఆ నాలుగు క్షణాలు గుర్తొచ్చాయి. "ఇంకా ఆయన్ని అడగలేదు కదా. అడగనివ్వండి" అన్నాను. అందరూ నన్ను వింతగా చూశారు. నువ్వుంటే అర్థం చేసుకునేదానివి.

ఇవాళ ఏడు నెలల తర్వాత మోటారు గదిలోకి వెళ్లాను. కొత్త లిఫ్టు, కొత్త భవనం, పక్కన నా పని చూసే సీనియరు. బ్రేకు విప్పి చూశాను, తాళ్లు చూశాను, తలుపులు చూశాను. అన్నీ సక్రమంగా ఉన్నాయి. దిగి వచ్చి అక్కడి బల్ల మీదే నీకు ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

కింద నా పేరు పక్కన నల్లటి వేలిముద్ర చూసి చెవి మెలిపెట్టకు. రిజిస్టరులో కూడా అలాంటిదే ఒకటి పడింది. పని అయ్యాకే సంతకం పెట్టానక్కా.

నట్టు